శుద్ధమైన నీళ్లు

లక్ష్మీరాజం సముద్రం చూడలేదు. మా కరీంనగర్‌లో చాలామంది చూడలేదు గానీ, వాళ్లెవరూ సముద్రపు నీళ్లలో ఉప్పు ఎంతుండాలో చెప్పి బతకడం లేదు. ఇతను అలాగే బతుకుతున్నాడు. స్కూటర్‌కు ముందొక బకెట్టు, వెనకొక బకెట్టు కట్టుకుని అక్వేరియంలున్న ఇళ్లకు వెళతాడు. నీళ్లు పరీక్షించి చేపలకు ఏం జబ్బో చెబుతాడు. మా ఇంట్లో రెండు గోల్డ్‌ఫిష్‌లకూ దిక్కు అతనే. చేపల డాక్టరని పిలిస్తే మాత్రం మొహం మాడ్చుకుంటాడు.

“డాక్టర్‌కేంది సార్, రోగమొచ్చినోడు నోరు తెరిచి చెప్తడు. నా దగ్గరికొచ్చేటివి నోరులేని జీవాలాయె. నేను నీళ్లనే అడగాలె,” అంటాడు.

సిరిసిల్లలో పద్దెనిమిదేళ్లు సాంచాలు నడిపాడు. పవర్‌లూమ్ మగ్గాలను అక్కడ సాంచాలంటారు. యజమాని వాటిని తుక్కు కింద అమ్మేశాక కరీంనగర్ వచ్చి, ఒక అక్వేరియం దుకాణంలో తొట్టెలు కడిగే పనిలో చేరాడు. విద్య నేర్పింది దుకాణమే అయినా బుద్ధి మాత్రం సాంచాదే. బట్టలో గీత పడితే బట్టనే చూస్తూ కూర్చోకూడదట. ఆ గీత ఏ పోగుదో పట్టుకుని వెనక్కి పోవాలట. చేప రెక్క చిరిగినా అంతే, నీళ్లు పచ్చబడినా అంతే. ఈ మాట నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు.

మొన్నటి ఎండాకాలం ఆ బుద్ధి కూడా మొరాయించింది.

మంకమ్మతోటలో నిర్మలాదేవి గారి ఇల్లుంది. ఆమె కొడుకు అమిత్ వ్యాపారస్తుడు. అంతకు ఏడాది ముందు ముచ్చటపడి హాల్లో ఐదడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించాడు. ముచ్చట ఆరు నెలలకే తీరిపోయి, తొట్టె తల్లి పాలయింది. అందులో నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు, నాలుగు రొయ్యలు, గుప్పెడు నత్తలు, రాతిని పట్టుకుని ఒక ఎనిమోన్. ఈ ఎనిమోన్ చూడ్డానికి పువ్వులా ఉంటుంది గానీ అదీ ఒక జంతువే, సముద్రంలోది. రేకుల్లా కనిపించేవి దాని చేతులు, ఏదైనా గిట్టకపోతే వాటిని ముడుచుకుంటుంది. నిర్మలాదేవి దాన్ని ‘మా పువ్వు’ అనేది. పొద్దున పూజ కాగానే కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చునేది.

ఏప్రిల్ చివర్లో నత్తలు చచ్చిపోయాయి. తర్వాత రొయ్యలు ఒక్కొక్కటిగా వెల్లకిలా పడ్డాయి. పువ్వు రోజురోజుకూ చిక్కిపోతోంది. చేపలు మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి. లక్ష్మీరాజం ఉప్పు చూశాడు, వేడి చూశాడు, కుళ్లు వల్ల పుట్టే అమ్మోనియా చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి రాగి ఉందేమోనని మందుచుక్కలు వేసి చూస్తే గాజుగొట్టంలో నీళ్లు రంగు మారాయి.

చేపలకు తెల్లచుక్కల జబ్బు వస్తే రాగి మందు వేస్తారు. నత్తకూ రొయ్యకూ ఎనిమోన్‌కూ ఆ రాగే విషం. ఆ ఇంట్లో రాగి మందు వాడింది ఒక్క లక్ష్మీరాజమే. నెల కిందట చేపల మీద చుక్కలు లేస్తే, వాటిని వేరే టబ్బులోకి తీసి అందులో వేశాడు. పెద్ద తొట్టెలో ఒక్క బొట్టు పడనివ్వలేదు. పడనివ్వలేదనే అనుకున్నాడు.

అమిత్ ఇదంతా ఫోన్‌లో చదివి సిద్ధంగా కూర్చున్నాడు.

“ఏం రాజం, మందు గీ ట్యాంకులనే పోసినవ్ గదా? నిజం చెప్పు.”

“లే సార్. ఏరే టబ్బుల పోసిన.”

“మరి రాగి ఏడికెళ్లి వచ్చింది? మా ఇంట్ల గనులున్నయా? పదిహేను దినాలు చూస్త. సంగతి తేలకపోతే నీ పేరు వెట్టి గ్రూపుల రాస్త.”

గ్రూపంటే ఊళ్లో చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపు. లక్ష్మీరాజానికి బోర్డు లేదు, దుకాణం లేదు, ఉన్నదంతా అక్కడి మంచిపేరే. అది పోతే స్కూటర్ బయటికి తీయాల్సిన పనే ఉండదు.

సగం నీళ్లు తీసేసి కొత్తవి పోశాడు. బొగ్గుపొడి సంచీ వేశాడు. రాగి తగ్గింది. పది రోజులకు చూస్తే మళ్లీ పెరిగింది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది అతని పని.

ఆ పది రోజులూ ఇంట్లో బకెట్లు, మగ్గులు, వల కడిగిందే కడిగాడట.

“మందు టబ్బుల ముంచిన మగ్గే పెద్ద ట్యాంకుల ముంచిన్నా ఏంది?” అని పెళ్లాం అనసూర్యను అడిగాడు.

“నువ్వు ముంచినోనివి గాదు. జర అన్నం తిను.”

“ఏమోనే. చెయ్యి చేసింది తలకాయకు తెల్వకుంట పోతే ఎట్ల?”

గ్రూపు భయం కన్నా ఈ భయమే అతన్ని ఎక్కువ తిన్నది. తప్పు చేశానని తెలిస్తే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. చేశానో లేదో తెలియకపోతే నిద్ర కూడా పట్టదు.

అన్నం ముందు కూర్చున్నాకే అతనికి తట్టింది. ఒకసారి పొరపాటున పడ్డ రాగి తగ్గాలే గానీ పెరగదు. పెరుగుతోందంటే ఎవరో రోజూ పోస్తున్నారు. ఆ తొట్టెలో రోజూ పోసేది ఏమిటి? నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అందుకని తగ్గినంత మేర ఉప్పులేని నీళ్లు పోయాలి. ఆ పని పొద్దున జరుగుతుంది. అతను వెళ్లేది ఎప్పుడూ సాయంత్రమే.

మరునాడు పొద్దున ఏడింటికి వెళ్లాడు. నిర్మలాదేవి పూజ ముగించుకుని వచ్చింది. చింతపండుతో తోమిన రాగిబిందె చంకన ఉంది. పైన తేలుతున్న తులసాకును వేలితో తీసి కళ్లకద్దుకుని, సన్నటి ధారగా తొట్టెలోకి వంచింది.

తొట్టె ఆమె చేతికొచ్చినప్పుడు చెప్పింది అతనే. “ఉప్పు కలపొద్దమ్మా. శుద్ధమైన నీళ్లు పొయ్యాలె.” అతని లెక్కలో శుద్ధమంటే ఫిల్టర్ నుంచి వచ్చినవి, ఏమీ కలవనివి. ఆమె ఆ ఫిల్టర్ నీళ్లనే పట్టి, రాత్రంతా రాగిబిందెలో ఉంచి, తనకు తెలిసిన శుద్ధి చేసింది. ఆ ఇంట్లో దేవుడికి పెట్టేదీ చుట్టాలకిచ్చేదీ ఆ నీళ్లే. చలికాలంలో చెంబెడు పోస్తే సరిపోయేది, గండం గడిచింది. ఎండలు ముదిరాక రోజూ బిందెడు.

“సార్! దొరికింది సార్! రాగి అమ్మ బిందెల ఉంది!” అని అరిచాడట లక్ష్మీరాజం. బిందె అడుగున మిగిలిన నీళ్లు గొట్టంలో పట్టి, చుక్కలు వేసి, రంగు మారగానే వెలుతురుకు ఎత్తి చూపించాడు. ఎగిరి గంతేయాలనిపించిందట. ఆ క్షణంలో ఆమె మొహం వైపు చూడలేదని తనే నాకు చెప్పాడు, తలవంచుకుని.

అమిత్ పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. “అరె, నువ్వు కాదా! సారీ రాజం.” తల్లివైపు తిరిగి నవ్వాడు. “చూసినవా అమ్మా, నీ మడి పాడుగాను. అన్నిటిని నువ్వే సంపినవ్.” బ్రష్ నోట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె బిందె కింద పెట్టింది. తొట్టెలో పువ్వు రాతిని వదిలేసి ఒక మూల పడి ఉంది. అప్పుడు గానీ లక్ష్మీరాజానికి ఒళ్లు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

“తప్పు నాదమ్మా. దేంట్ల పట్టి పొయ్యాల్నో చెప్పకపోతి.”

ఆమె తొట్టె అద్దం మీద చెయ్యి పెట్టింది.

“రోజు నేను నీళ్లు పొయ్యంగనే అది చేతులన్ని దగ్గరికి తీసుకుంటుండె రాజం,” అంది. “నాకు దండం పెడుతుందనుకున్న.”