పెరటాసి శనివారం, మూడు డిమ్ సమ్ హోటళ్ళు

ఉదయం ఏడూ ఇరవైకి నేను మత్తిగిరి బస్టాపుకు చేరేసరికే మునెమ్మక్క వచ్చి నిలబడి ఉంది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు. నుదుట సన్నగా నామం గీత, చేతిలో వైరుబుట్ట, అందులో ఒక నీళ్ళ సీసా మాత్రం.

"తినేదానికి ఏమీ తెచ్చుకోలేదా అక్కా?" అన్నాను.

"ఈపొద్దు శనివారం గదప్పా. ఒక్కపొద్దు. పన్నెండు దాటినాకే ఏమన్నా," అంది.

మా ఇద్దరికీ పని హోసూరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. నేను సూపర్‌వైజరుని, ఆమె వంట మనిషి. ఇడ్లీ, కుడుము, ఆవిరి మీద ఉడికేది ఏదైనా ఆమె చేతి పనే. ఆమె సొంతూరు అంచెట్టి దాటి కావేరి వైపు కొండల్లో. వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. నాకంటే పదిహేడేళ్ళన్నా పెద్ద.

ప్రయాణానికి కారణం నా నోరు. మా ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి తైవాన్ నుంచి లిన్ అనే ఇంజినీరమ్మ వచ్చి ఉంది. క్యాంటీన్‌లో ఆమె తినేది తెల్లన్నం, ఉడికిన గుడ్డు, అంతే. ఒకరోజు ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. వెదురు బుట్టలో నాలుగు చిన్న కుడుములు, అద్దం లాంటి పల్చటి పొర, లోపల గులాబీ రంగు. వాళ్ళకు పున్నమి పండుగ వస్తోందట, ఆ రోజుకు ఈ డిమ్ సమ్ చేసిపెట్టగలరా అని అడిగింది. మేనేజరు పక్కనే ఉన్నాడు. "బెంగళూరులో చాలా చోట్ల తిన్నాను మేడమ్, ఏది మంచిదో నాకు తెలుసు," అనేశాను. నిజానికి అప్పటిదాకా డిమ్ సమ్ ముక్క నా నోట్లో పడలేదు. ఆ మాట కాపాడుకోవడానికే ఈ వెతుకులాట. తిని పోల్చుకుని తిరిగి చెయ్యగలిగే నాలుక మునెమ్మక్కది కాబట్టి ఆ ఫోటో నా ఫోన్‌లోకి తెప్పించుకుని చూపించి, ఆమెను బతిమాలి బయలుదేరదీశాను.

"పెరటాసి నెలప్పా, నీసు ముట్టను," అని ఆమె ముందే చెప్పింది. మా వైపు తెలుగిళ్ళలో కూడా చాలామంది తమిళుల లెక్కన పెరటాసి పాటిస్తారు. ఆ నెల శనివారాలు వెంకటేశ్వరస్వామివి. "అన్ని చోట్లా కూరగాయలవి ఉంటాయిలే అక్కా," అన్నాను. అది కూడా తెలిసి చెప్పిన మాట కాదు.

ఎనిమిదింటికి హోసూరు బస్టాండులో బెంగళూరు బస్సు దొరికింది. పక్క సీట్లో బేరికై దగ్గర నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కాళ్ళ దగ్గర రోజా పూల మూట.

"యాడికి పోతా ఉండారు?" అని అడిగాడు.

"బెంగళూరులో కుడుములు తినేదానికి," అంది మునెమ్మక్క.

ఆయన కాసేపు ఆలోచించి, "మీ ఇంట్లో పొయ్యి లేదా అమ్మా?" అన్నాడు. అత్తిబెలె దాటేదాకా ఆమె నవ్వుతూనే ఉంది. ఆ రోజు మొత్తంలో నేను సిగ్గుపడకుండా గడిపిన గంట అదొక్కటే అని ఇప్పుడనిపిస్తుంది.

బొమ్మసంద్రలో దిగి మెట్రో ఎక్కాం. వెళ్ళేవాళ్ళకు ఒక సూచన: సిల్క్ బోర్డు దగ్గర బస్సులో కూర్చుని చెమటలు కక్కే బదులు ఈ దారి మేలు. ఆర్.వి. రోడ్డులో ఒకసారి, మెజెస్టిక్‌లో ఒకసారి రైలు మారాలి. ఎం.జి. రోడ్డులో దిగేసరికి పదకొండు కావస్తోంది. హోటళ్ళు పన్నెండుకు గాని తెరవరు. రోడ్డు పక్క మెట్ల మీద కూర్చున్నాం. ఆమె నీళ్ళు తాగింది. నేను కాఫీ తాగాను. ఆమె ముందు తాగడం బాగుండలేదు గాని తాగాను.

హోటళ్ళ పేర్లు రాయను. వాళ్ళ తప్పు ఏమీ లేదు, నా కథలోకి వాళ్ళను లాగడం ఎందుకు.

మొదటిది చర్చ్ స్ట్రీట్‌లో, మేడ మీద. పన్నెండుంబావుకు కూర్చున్నాం. మెనూలో అక్షరాలు ఇంగ్లీషే గాని మాటలు ఒక్కటీ తెలియవు. అయినా అడగలేదు, పచ్చ చుక్క ఉన్న రెండింటి మీద వేలు పెట్టాను. నాలుగు ముక్కల బుట్ట మూడు వందల ఎనభై. ఒక దాంట్లో తెల్లటి బన్ను లాంటివి వచ్చాయి. ఒకటి తీసి గట్టిగా కొరికాను. ఎంత నమిలినా తెగలేదు. చూస్తే అడుగున అంటించిన కాగితం. మునెమ్మక్క తన దాని కాగితం మెల్లగా ఊడదీసి పక్కన పెట్టింది. నేను నోట్లోది మింగేశాను.

"మైదా పిండి. ఉడికినాక గాలికి పెట్టేసినారు, తోలు గట్టి పడింది," అని ఆమె తీర్పు. "ఇది ఆ అమ్మ చూపించినది కాదప్పా."

రెండోది ఇందిరానగర్‌లో. మెట్రోలో మూడు స్టేషన్లు. రెండింటికి చేరాం, బల్ల దొరకడానికి ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఇక్కడ పుట్టగొడుగులవి తిన్నాం. ఆమె ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అంచు మడతలు వేలితో తడిమి చూసింది. "లోపల కూర బాగుండాది. కట్టేవాళ్ళకే తొందర. మడత విడిపోయింది చూడు." ఫోటోలోది మాత్రం ఇక్కడా లేదు. బిల్లు తెచ్చిన అమ్మాయిని ఫోన్ చూపించి అడిగితే రెండు వీధుల అవతల ఒక చిన్న చోటు చెప్పింది. "త్వరగా వెళ్ళండి, మూడున్నరకు మూసేస్తారు," అంది.

ఎండలో దాదాపు పరుగు. మూడూ పదికి దొరికింది. ఆరేడు బల్లలు, అద్దం వెనక వంటగది, వెదురు బుట్టల నుంచి ఆవిరి. పక్క బల్ల మీద అచ్చం ఫోటోలోవే ఉన్నాయి. అద్దం లాంటి పొర, లోపల గులాబీ రంగు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"అవి," అని చూపించాను.

"ప్రాన్ సర్," అన్నాడు వెయిటరు. అంటే రొయ్యలు.

"అందులోనే వెజ్ ఉందా?" అని మెల్లగా అడిగాను.

"వెజ్ అయిపోయింది సర్. ఇదే చివరి ఆర్డర్."

మునెమ్మక్క అప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి ఉంది. ఇంకొక రోజు వద్దాం అని చెప్పవచ్చు. నాకు ఇది ఎలా ఉంటుందో తెలియదు, నేను మేనేజరు ముందు అబద్ధం చెప్పాను అనవచ్చు. పండుగకు తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆమె తినకపోతే ఆ పొర ఎలా చేస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక బుట్ట తెమ్మన్నాను.

ఆమె వచ్చి కూర్చుంది. బుట్ట మూత తీశాక వంగి చూసింది. "ఇదే గదా ఆ అమ్మది. లోపల ఎర్రగా ఏందప్పా?"

"క్యారెట్," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. అదే ఇప్పటికీ నన్ను బాధపెట్టేది. ఆమె ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. రెండు సార్లు నమిలి ఆగింది. నా వైపు చూడలేదు, వంటగది అద్దం వైపు చూసింది. తరవాత నిదానంగా నమిలి మింగింది, నీళ్ళు తాగింది.

రెండోదాన్ని తీసుకుని తినలేదు. ప్లేటులో పెట్టి పొరను గోటితో ఒలిచింది. లోపలి ముద్దను ప్లేటు అంచుకు జరిపి, పొరను వేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురుకు పట్టి చూసి, చిన్న ముక్క తుంచి నాలుక మీద వేసుకుంది. "బియ్యం కాదు. గోధుమ పాలు తీసిన పిండి, దాంట్లో సగ్గుబియ్యం పిండి. వేడినీళ్ళతో కలిపినారు. చాలా బాగా చేసినారు," అంది. గొంతులో ఏ తేడా లేదు. లేచి మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

ప్లేటు అంచున ఆ గులాబీ రంగు ముద్ద అలాగే ఉంది. దాన్ని చూడనట్టు కూర్చుని బిల్లు అడిగాను. బుట్టలో రెండు మిగిలిపోయాయి.

తిరుగు మెట్రోలో రద్దీ. బొమ్మసంద్ర దాకా ఇద్దరం వేరువేరుగా నిలబడ్డాం. ఆరింటికి హోసూరు బస్సులో పక్కపక్క సీట్లు దొరికాయి. చందాపుర దాటాక ఆమె అంది:

"మా నాయిన కావేరిలో వల వేస్తా ఉండినాడప్పా. నాకు పల్లు వచ్చినప్పటి నుంచి రొయ్య తెలుసు."

"అయ్యో అక్కా, నాకు తెలీదు. ఆ వెయిటరు పిల్లోడు మార్చి ఇచ్చినట్టుండాడు," అన్నాను. అవును, అప్పుడు కూడా అలాగే అన్నాను.

ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పి చూసింది. "నేను నమిలేటప్పుడు నువ్వు నా నోరే చూస్తా ఉండినావు శీనప్పా. తెలీనోడు తన ప్లేటు చూసుకుంటాడు."

లిన్ మేడమ్ ముందు కోసిన కోతల నుంచి క్యారెట్ దాకా మొత్తం చెప్పాను. జీవితంలో డిమ్ సమ్ తినడం ఈ రోజే మొదలు అని కూడా.

"అది కాగితం మింగినప్పుడే తెలిసింది," అంది.

"మరి నోట్లోది ఉమ్మేయలేదు ఎందుకక్కా?"

"ఉమ్మితే ఆ పిల్లోడు పరిగెత్తుకోని వస్తాడు, ఏమైందని అడుగుతాడు. పదిమందిలో నువ్వు ఏం చెప్తావు? నా పక్కన కూసోనిండేవాడివి, నీ తలకాయ వంగితే నాకు మాత్రం బాగుంటుందా."

కొట్టినా ఇంత నొప్పి కలిగేది కాదు. ఈ శనివారాల మొక్కు ఎందుకని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు, ఆమే చెప్పింది. పద్దెనిమిదేళ్ళ కిందట రాగి చేను కాపలాకు పోయిన ఆమె భర్తను ఏనుగు తరిమింది. ఆయన రాళ్ళ సందులో దూరి తెల్లారిందాకా బయటికి రాలేదు. ఒళ్ళంతా గీసుకుపోయింది గాని ప్రాణంతో ఇంటికి వచ్చాడు. అప్పటి నుంచి ఏ పెరటాసి శనివారమూ తప్పలేదట.

"ఇప్పుడేం చెయ్యాలక్కా?"

"ఇంటికి పోయి తలకు నీళ్ళు పోసుకోని దీపం పెడతా. తెలిసి తిన్లేదు, తెలిసినాక ఉమ్మలేదు. రెండూ స్వామికి చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పుకోవల్ల."

"స్వామికా?"

"ఆ తైవాన్ అమ్మకి. ఆమె నీ మాట నమ్మి కూసోనుండాది."

హోసూరులో టౌన్ బస్సు మారాం. ఒకటే సీటు దొరికితే ఆమె కూర్చుంది, నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మత్తిగిరిలో దిగేముందు నా వైపు తిరిగి, "సోమవారం సగ్గుబియ్యం పిండి తెప్పించి పెట్టప్పా. చేతులకి గుర్తుండంగానే చేసి చూడల్ల. లోపలకి ఏం పెట్టేదో ఆ అమ్మనే అడుగు," అంది. రోజూ అన్నట్టే "వస్తానప్పా" అని దిగిపోయింది.

నా స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతల. ఫోన్ తీసి లిన్ మేడమ్‌కు రాశాను: నేను మీకు అబద్ధం చెప్పాను, డిమ్ సమ్ ఈ రోజు దాకా నేను ఎప్పుడూ తినలేదు, మీ ఫోటోలోది తిని వచ్చిన మనిషి వేరే ఉంది, ఆమె చెయ్యగలదు. రెండుసార్లు చెరిపి మూడోసారి పంపాను.

బెంగళూరులో మంచి డిమ్ సమ్ కోసం వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. చర్చ్ స్ట్రీట్‌ది వదిలేయండి. ఇందిరానగర్‌లో పెద్దది ఫరవాలేదు. దాని వెనక రెండు వీధుల అవతల ఉన్న చిన్నదే అన్నిటికన్నా మంచిది, మూడు కాకముందే చేరుకోండి. పొర పల్చగా ఉంటుంది, చిరగదు, పంటికి అంటుకోదు. ఇవి మునెమ్మక్క చెప్పిన మాటలు. ఆ బుట్టలో మిగిలిన రెండింటిని నేను ముట్టుకోలేకపోయాను. వాటి రుచి నాకు తెలియదు.