తూచింది బియ్యం

మోకాలి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు ఎనిమిది కిలోలు తగ్గాలన్నాడు డాక్టరు. ఆ మాట నాతో కాదు, నా పక్కన నిలబడ్డ వదినతో అన్నాడు. అరిగినవి ఆవిడ మోకాళ్ళు కావు.

మాది గుణదల. పెళ్ళి చేసుకోలేదు, అన్నయ్య ఇంట్లోనే ఉంటాను. మేరీమాత కొండ నేను ఎక్కి నాలుగేళ్ళయింది. తిరునాళ్ళకి ఇంటిల్లిపాదీ పైకి వెళ్తే నేను కింద కూర్చుంటాను. "చెప్పులు చూస్తుండమ్మాయ్" అంటుంది వదిన ప్రతి ఏడూ. సరదాకే అంటుందట.

ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. దేంట్లో ఎన్ని కేలరీలో అందులో ఉంది. వండిన అన్నం వంద గ్రాములకి నూట ముప్పై. నేను తూకం మిషను కొన్నాను. మా ఇళ్ళలో లెక్కంతా బియ్యం మీదే. మనిషికింతని గ్లాసుతో కొలిచి ఎసట్లో పోస్తారు, ఉడికాక ఎవరూ కొలవరు. పైగా అన్నంలో సగం నీళ్ళే, నీళ్ళని తూచడమేమిటనుకున్నాను. పూటకి నూట యాభై గ్రాముల బియ్యం తూచి, వేరే గిన్నెలో వండించుకుని, నూట తొంభై ఐదు కేలరీలని పుస్తకంలో రాసేదాన్ని. పప్పు, మజ్జిగ, చెంచాడు నూనె, ఏదీ వదల్లేదు.

మూడు నెలలకి తగ్గింది అరకిలో.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఒకావిడ అడిగింది, "అంత తూచి తింటుంటే తగ్గదేంటండీ?" అని.

"ఏమోనండీ, రాసేది పుస్తకంలో, తినేది ఎక్కడో!" అంది వదిన.

నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఇంటికొచ్చి అడిగాను. "కూరలో నూనె ఎంత పోస్తున్నావు వదినా?"

"నువ్విచ్చిన చెంచాతోనే."

"నేను చూడనప్పుడు?"

"అంటే? నీ కాళ్ళు బాగవకూడదని పోస్తున్నానా?"

నేను కాదనలేదు. ఆ రోజు నుంచి స్టూలు మీద కూర్చుని నా వంట నేనే చేసుకున్నాను. నూనె ఇంకా తగ్గించాను. బరువు కదల్లేదు.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్తే ఆ అమ్మాయి నా పుస్తకం తిరగేసి, "ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరాంటీ" అంది. తర్వాత ఆమె వేలు ఒకచోట ఆగింది.

"మీరు తూచింది అన్నమేనాండీ?"

"బియ్యం."

"అయ్యో! నూట యాభై గ్రాముల బియ్యమంటే ఐదొందల పైనే ఆంటీ."

డాక్టరు ఈ ఏడాదికి ఆపరేషన్ కుదరదన్నాడు.

ఇప్పుడు అన్నమే తూస్తున్నాను. కాగితం ప్రకారం నాకొచ్చేది చిన్న కప్పుడు. కంచంలో పెట్టుకుంటే పక్కవాళ్ళు ఎంగిలి చేసి వదిలేసినట్టుంటుంది. రెండు కిలోలు తగ్గి, అక్కడే ఆగిపోయింది. ఇక నడిస్తేగానీ తగ్గదట. నడవడానికే కదా ఆపరేషన్ అడిగింది.

నూనె తప్పు కాదని వదినకి చెప్పలేదు. మెట్ల మీద అన్న మాట ఆవిడా వెనక్కి తీసుకోలేదు. మొన్న తిరునాళ్ళకి నా ముందు చెప్పులు విడిచి, ఏమీ అనకుండా కొండెక్కింది. ఆ చెప్పులు జనం కాళ్ళకింద పడుతుంటే నేనే దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.