గుండోడు మొక్కా, జంతువా?

మొక్కకీ జంతువుకీ తేడా ఏమిటని ముప్పయ్యొక్క ఏళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన మనిషి, చివరికి ఆ ప్రశ్న దగ్గరే తల పట్టుకుని కూర్చుంది. అడిగినవాళ్ళు విద్యార్థులైతే క్లాసులోంచి బయటికి పంపేసి ఉండేది. అడిగింది జీతమిచ్చేవాళ్ళాయె.

అందరూ ఆవిణ్ణి బాటనీ మేడమ్ అనేవారు. కాలేజీలో బాటనీ చదివేవాళ్ళు కరువై ఆ డిపార్ట్‌మెంటుకి తాళం వేశారు. మైక్రోస్కోపులు పక్క గదివాళ్ళు పట్టుకుపోయారు. ఎండబెట్టి అట్టలకి అంటించిన ఆకులు ఎవరికీ అక్కర్లేకపోతే ఆవిడే ఇంటికి మోసుకొచ్చి బీరువా మీద పెట్టుకుంది. ఆ తర్వాత, యాభై ఆరో ఏట, వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో చేరింది. వాళ్ళ మాయా అడవిలో చెట్టూ చేమా సవ్యంగా ఉన్నాయో లేదో చూసి చెప్పడమే ఉద్యోగం. కొత్త భాగం విడుదలైనప్పుడు, చివర్లో వచ్చే పేర్ల పట్టికలో ‘వృక్షశాస్త్ర పరిశీలన’ అని ఆవిడ పేరు వేస్తామన్నారు. ఆ ఒక్క మాటకే ఆవిడ పడిపోయింది. చెప్పిన చదువుకి విలువ లేదని తాళం వేసినవాళ్ళు వేశారు, ఎక్కడో ఒకచోట తన పేరు పక్కన ఆ మాట ఉండాలని ఆవిడ పట్టుదల.

ఆ అడవిలో ‘వేరుకాలు’ అని ఒక జీవి ఉంది. మోకాలెత్తు ఉంటుంది. దుంపలాంటి పొట్ట, నెత్తిన ఆకులు, వేళ్ళే కాళ్ళు. నడుస్తుంది. పురుగుల్ని తింటుంది. కొడితే కెవ్వుమంటుంది. అన్నీ చేసి మళ్ళీ ఎండలో నిలబడి ఆకులతో కడుపు నింపుకుంటుంది. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో ఉద్యోగం మానేసి పోయాడు, లేకపోతే ఆవిడ చేతిలో అయిపోయేవాడే.

ఆఫీసులో ప్రతి జీవికీ ఒక పెద్ద పట్టీలో ఒక వరస ఉంటుంది. పేరు, ఎత్తు, బలం, తిండి, ఆఖరున ఈ కొత్త భాగం కోసం చేర్చిన వర్గం. వర్గం గడిలో ‘మొక్క’ అనో ‘జంతువు’ అనో రాయాలి. మూడో మాట రాస్తే గడి ఎర్రబడుతుంది. ఖాళీగా వదిలినా ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే కొత్త భాగం విడుదల కాదు.

“నడుస్తోంది కదా మేడమ్, జంతువని కొట్టేద్దాం,” అన్నాడు టీమ్ లీడరు.

“పగడం నడవదు, అది జంతువు. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది, అది మొక్క. కదలడాన్ని బట్టి కాదు నాయనా.”

“మరి పురుగుల్ని తింటుందిగా?” అంది బొమ్మలు గీసే అమ్మాయి.

“పురుగుల్ని తినే మొక్కలు లేవూ?”

“కళ్ళున్నాయి కదా మేడమ్!”

“కళ్ళు నువ్వు పెట్టావు. నిన్నెవరు పెట్టమన్నారమ్మా?”

ఇలా మూడు వారాలు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి. పొద్దున ఒప్పుకున్నవాళ్ళు మధ్యాహ్నానికి కొత్త అనుమానంతో వచ్చేవాళ్ళు. ఎండతో తన తిండి తాను తయారుచేసుకునేది మొక్కేనని ఆవిడ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఎవరో ఆ బొమ్మకీ కళ్ళు పెట్టారు. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

పోనీ ఏదో ఒకటి రాసి వదిలేద్దామంటే, ఆ గడి మీద పెద్ద సంగతే ఆధారపడి ఉంది. జనం రెండేళ్ళుగా ఆడుతున్న ఆటే అది, కాకపోతే అందులో ఇంతవరకూ చలికాలం లేదు. శుక్రవారం కొత్త భాగం రాగానే మొదటిసారి మంచు కురుస్తుంది. మంచు పడగానే జంతువులు గుహల్లోకి పోయి నిద్రపోతాయి, వసంతం రాగానే లేచొస్తాయి. మొక్కలు ఎండిపోయి గింజ రాలుస్తాయి, ఆ గింజ మొలుస్తుంది. గురువారం ఆవిడ ‘మొక్క’ అని రాసేసి, హమ్మయ్య అనుకుని ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో అత్తగారున్నారు. ఎనభయ్యో పడిలో పడ్డా నోటికి మాత్రం వయసు రాలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చేతిలో భూతద్దంతో, ఏడాదిగా ఆవిడ ఆడుతున్నది ఈ ఆటే. అందులో ఒక వేరుకాలుని పెంచి గుండోడని పేరు పెట్టుకుంది. ఆట తెరవగానే గుండోడు ఆకులూపుకుంటూ పరిగెత్తుకొచ్చి ఆవిడ ముందు నిలబడతాడు. వాడికి జలుబు చేసినా, చెరువు ఎండినా, ఆ నేరం మాత్రం కోడలిదే. “మీ ఆఫీసులో నీళ్ళు సరిగ్గా వదలరేమే?” అని వంటింటి గుమ్మం దాకా వినపడేలా అడిగేది. చెరువు తన చేతిలో లేదని చెప్పీ చెప్పీ మేడమ్ నోరు పడిపోయింది. మొగుడు ఇలాంటప్పుడు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. చదివిన పేపరే.

ఆ గురువారం మేడమ్ చెప్పులు విప్పకముందే అత్తగారు అందుకుంది.

“రేపు మంచు పడుతుందట కదే. మా గుండోడి గతేమిటి?”

“గింజవుతాడు అత్తయ్యా. మళ్ళీ మొలుస్తాడు. ఏమీ పోదు.”

“మొలిచినవాడు నన్ను గుర్తుపడతాడా?”

అంతమంది కాలేజీ పిల్లల్లో ఒక్కరూ అడగని ప్రశ్న అది. గింజలో ఆకు ఉంటుంది, వేరు ఉంటుంది. అత్తగారు ఉండదు.

“మొక్కలకి గుర్తులేమిటి అత్తయ్యా, చోద్యం కాకపోతే!”

“అయితే వాడు మొక్క కాదులే,” అంది అత్తగారు, పరీక్ష పేపరు దిద్దేసినంత తేలిగ్గా. తిట్టలేదు. గుండోణ్ణి తెర మీద ఆ గట్టు నుంచి ఈ గట్టుకి నడిపిస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే మేడమ్‌కి హాయిగా ఉండేది.

మర్నాడు బస్సులో ఆవిడ తనని తానే తిట్టుకుంటూ వెళ్ళింది. ముసలావిడ ముచ్చట కోసం శాస్త్రం మార్చాలా? నవ్విపోరూ? ఆఫీసులో అడుగు పెడుతూనే టీమ్ లీడర్ని పట్టుకుని, గింజకి పాత గుర్తులు ఉండేలా చెయ్యొచ్చా అని అడిగింది. సాయంత్రం విడుదల పెట్టుకుని ఇప్పుడా అన్నాడు. గడిలో మాట మార్చడానికైతే అరనిమిషం, అంతకుమించి ఏం కావాలన్నా మూడు నెలలు.

“అయితే జంతువని రాయండి,” అంది.

ఆ అబ్బాయి నోరెళ్ళబెట్టాడు. “మూడు వారాలు మా ప్రాణాలు తోడి మొక్కన్నది మీరే కదా మేడమ్!”

“మొక్కే. ఇప్పటికీ మొక్కే. జంతువని రాయండి, పేర్ల పట్టికలోంచి నా పేరు తీసేయండి.”

“పేరెందుకు తీసేయడం?”

“మొక్కని జంతువని రాసి కింద నా పేరు పెట్టుకోమంటావా? నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎంతమంది ఈ ఆట ఆడుతున్నారో నీకేం తెలుసు?”

పేరు తీసేయడానికీ అరనిమిషమే పట్టింది. మెట్లు దిగుతుంటే ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చింది. కళ్ళు పెట్టిన అమ్మాయి మీద, రెండే మాటలు తెలిసిన గడి మీద, ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్న అత్తగారి మీద.

ఇంటికొచ్చేసరికి ఆటలో మంచు కురిసి అడవంతా తెల్లబడింది. అత్తగారు గుహ వైపైనా చూడకుండా, భూతద్దాన్ని తెరకి ఆనించి పేర్ల పట్టిక చదువుతోంది.

“నీ పేరెక్కడే? మూడుసార్లు చూశాను. టీ తెచ్చే ఆయన పేరు కూడా ఉంది.”

“వేయలేదత్తయ్యా.”

“వేయకపోవడమేమిటి? వేస్తామన్నారని చేరిన రోజే చెప్పావు కదా. అసలు నేనీ ఆట పెట్టించుకున్నదే అందుకు. లేకపోతే ఈ వయసులో నాకు గేములేమిటే?”

మేడమ్ బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని నిలబడిపోయింది. ఈ ఏడాదంతా చెరువు గురించీ జలుబు గురించీ వేధించిన మనిషి, ఈ పట్టిక కోసం ఎదురుచూసిందని ఇప్పుడే తెలిసింది.

అత్తగారు పట్టిక మూసేసి అడవిలోకి చూసింది. మొక్కలన్నీ ఎండిపోయి ఉన్నాయి. గుహలో గుండోడు పొట్ట ఎగరేస్తూ నిద్రపోతున్నాడు. కాసేపు వాణ్ణి చూసింది, తర్వాత కోడల్ని చూసింది. భూతద్దం ఒళ్ళో పెట్టేసుకుంది.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నా కోసం మార్చావా?”

“గుర్తుపట్టడని మీరేగా బాధపడ్డారు!” మేడమ్ గొంతు పెరిగింది. పేపరు వెనక మొగుడు ఇంకాస్త కిందికి జారాడు.

“పడితే పడ్డాను. నా మాట ఎప్పుడు విన్నావు గనక, ఇదొక్కటీ వినడానికి?” ముసలావిడ నిద్రపోతున్న గుండోణ్ణి వేలితో చూపించింది. “గింజైతే వాడు మళ్ళీ మొలిచేవాడు కదే. నీ పేరు మొలుస్తుందా?”