ఆగని బస్సులో ఏడుగురు

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆ కండక్టరు బస్సులో టికెట్టు లేని ప్రయాణికుడు ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు. చెకింగు వాళ్లు ఎక్కి ఉత్త చేతులతో దిగిపోయేవారు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ నెలకే దారికొచ్చాయి గానీ, ఎడమవైపు ఏమున్నా ఆయనకు లేనట్టే అయింది. కళ్లు బాగానే ఉన్నాయి, మెదడే అటు చూడటం మానేసింది. ఆ సంగతి వార్డంతటికీ తెలుసు, ఆయనకు తప్ప.

థెరపిస్టు అమ్మాయి రోజుకో చిన్న పని చేయించి చూసింది. గడ్డం కుడివైపే గీసుకున్నాడు. "మిగతాది రేపు," అన్నాడు. ట్రే నిండా బిస్కెట్లు సర్దమంటే కుడివైపే కుప్పపోశాడు. "అటు చీమలుంటాయమ్మా." సోమవారం డ్యూటీలో చేరతానని మొండికేశాడు. భార్య తల పట్టుకుంది.

చివరికి ఆ అమ్మాయి కుర్చీలు రెండు వరుసలుగా వేయించింది. రోగులతో పాటు ఆయన భార్యనూ కూర్చోబెట్టి, ఆయన మెడలో టికెట్ల సంచీ, విజిలూ తగిలించింది. "ఇది బస్సు. అందరికీ టికెట్లిస్తే సోమవారం వెళ్దురుగాని."

కండక్టరుకు ప్రాణం లేచొచ్చింది. విజిలేసి బస్సు కదిలించాడు. "జరగండి, ముందుకు జరగండి," అని కుర్చీల్లో కూర్చున్నవాళ్లను అదిలిస్తూ, కుడి వరుసకంతా టికెట్లు చింపి ఇచ్చి, వెనక్కి చేరాడు.

"చెకింగు. ఇటు తిరగండి," అంది అమ్మాయి ముందు నుంచి.

తిరిగాడు. ఇందాకటి ఎడమ వరుస ఇప్పుడు కుడివైపుకొచ్చింది. అందులో ఏడుగురు, ఉత్త చేతులతో.

"వీళ్లెప్పుడెక్కారు?"

"మీరే చెప్పాలి."

"మధ్యలో ఎక్కుంటారు."

"బస్సెక్కడ ఆగింది?"

డాక్టర్లు నెలరోజులు చెప్పినా ఎక్కని బుర్రకు ఈ ముక్క ఎక్కింది. విజిలు తన దగ్గరే ఉంది. తాను ఊదనిదే బస్సు ఆగదు. ఆగని బస్సు ఎవరూ ఎక్కలేరు.

"నువ్వూ మొదటినుంచీ ఉన్నావా?" అని భార్యనడిగాడు.

"మీ పక్కనే ఉన్నానండీ. రెండుసార్లు చెయ్యి కూడా చాచాను."

ఆయనకు సిగ్గేసింది. ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి, సిగ్గు పోయి భయం పట్టుకుంది.

"మరి నేను టికెట్లిచ్చినవాళ్లేరమ్మా? వాళ్లెక్కడ దిగారు?"

కండక్టరు ఎడమ చెయ్యి మెల్లగా చాచి, ఖాళీ అనుకున్న చోట తడిమాడు. ఎవరిదో భుజం తగిలింది.