ఫిట్టర్ తగిలించిన బిళ్ళ

బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన్ని మిల్లులో అందరూ గడియారం అనేవారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క నాగా లేదు. అబ్బో, ఆ సంగతి చెప్పుకుని ఎంత మురిసిపోయేవాడో! అసలు గుట్టు వేరే ఉంది. ఎవరికైనా అత్యవసరమైతే, ఆ రోజు సెలవున్న స్నేహితుడు వచ్చి, గేటు దగ్గర వాళ్ళ ఇత్తడి బిళ్ళ తీసుకుని హాజరు పలకకు తగిలించి, వాళ్ళ బదులు పనిచేసేవాడు. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ రోజు గడియారానికి పంటి నొప్పి.

"బావా, ఇవాళొక్కరోజు నా బిళ్ళ తగిలించవా?" అని సెలవులో ఉన్న స్నేహితుడు ఫిట్టర్‌ని బతిమాలాడు.

"సరేలే, ముందెళ్ళి ఆ పన్ను పీకించుకో. నీ మూలుగు వినలేక చస్తున్నాం" అని నవ్వుతూ వెళ్ళాడు ఫిట్టర్.

మధ్యాహ్నం బాయిలర్ పేలింది. ఫిట్టర్ అక్కడికక్కడే పోయాడు.

కంపెనీవాళ్ళు పలక చూశారు. ఫిట్టర్ బిళ్ళ లేదు కనుక అతను డ్యూటీలో లేడట, పనీపాటా లేక లోపలికి చొరబడ్డాడట. పెళ్ళాం బిడ్డలకు పైసా రాదన్నారు. గడియారం బిళ్ళ ఉంది కనుక, పేలుడులో దెబ్బతిని బతికి బయటపడినందుకు ఆయనకు ఏడాది జీతం పరిహారంగా ఇస్తామన్నారు.

"నిజం చెప్పావో, ఇద్దరం రోడ్డున పడతాం. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు" అన్నాడు మేస్త్రీ.

గడియారం వెళ్ళి సంతకం పెట్టాడు. పన్ను పీకిన చెంప ఇంకా వాచే ఉంది.

"పాపం, దెబ్బ గట్టిగానే తగిలిందే!" అన్నాడు గుమాస్తా.

సిగ్గులేని మనిషి అంటారా? సిగ్గుంది, అదే ఆయన ఖర్మ. ఆ డబ్బుతో ఇంటికి కొత్త కప్పు వేయించాడు గానీ, దాని కింద కూర్చుంటే ముద్ద దిగలేదు. చివరికి మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడి, ఫిట్టర్ భార్యకు గేటు దగ్గర బిళ్ళలు అందించే పని ఇప్పించాడు. అన్నంటే అలా ఉండాలని మిల్లంతా మెచ్చుకుంది.

ఇక రోజూ పొద్దున్నే ఆమె చేతి మీదుగానే బిళ్ళ తీసుకోవాలి.

"అన్నయ్యా, సెలవు పెట్టుకున్న మనిషి ఆ రోజు లోపలికెందుకు వెళ్ళినట్టు?" అని అడిగిందామె ఒకరోజు. "తాగి వెళ్ళాడంటున్నారు. పిల్లలూ అదే నమ్ముతున్నారు. నీకేమైనా తెలుసా?"

గడియారం నోరు తెరిచాడు. వెనక వరుసలో మేస్త్రీ దగ్గాడు.

"నాకేం తెలీదమ్మా."

ఆమె బిళ్ళను కొంగుతో తుడిచి ఆయన అరచేతిలో పెట్టింది.

"నువ్వే లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళమో అన్నయ్యా" అంది.

ఆయన లోపలికి వెళ్ళి బిళ్ళ తగిలించాడు. ఆ రోజూ నాగా లేదు.