సముద్రం వైపు తిరిగిన బాకా

మా చిన్నప్పుడు... దీపాలవేళ కాగానే మా పెరటిగోడ అవతల మైకు బాకా గొంతు సవరించుకునేది. శ్రీకూర్మం దాపున సముద్రపుటొడ్డు పల్లె మాది... పందొమ్మిది వందల అరవైల చివరి ఏళ్లు.

కోతలయ్యాక టూరింగు టాకీసు వచ్చి డేరా వేసేది. ఆటకు ముందు బాకాలో పాటలు... మొదట దేవుడి పాట, చిట్టచివర ఒక వెన్నెల పాట. ఆ ఆఖరి రికార్డు ముగిస్తే తెర వెలుగుతుందని ఊరంతటికీ తెలుసు. అది వినబడగానే గట్ల మీది నడకలు పరుగులయ్యేవి.

మా ఇంట మాత్రం సినిమా పాట నిషిద్ధం. సరిగ్గా ఆ వేళకే నాన్నగారు నాకు శ్లోకాలు చెప్పేవారు. పెదవులు శ్లోకం మీద, చెవులు వెన్నెల మీద... ఆయనకు తెలియకపోలేదు. ఒకనాడు, "తాళం మాత్రం ఆ పాటకే వేస్తున్నావు" అన్నారు, నవ్వకుండానే.

ఆ పాట కోసం అందరికన్నా దూరం నుంచి వచ్చేవాడు రాములు. తెప్ప మీద వేటకు వెళ్లి తిరిగివచ్చేటప్పుడు ఆ పాట చెవిన పడితే ఒడ్డు ఎటో తెలిసేదట. తెడ్డు జోరుగా వేసి, తడిబట్టలతోనే డేరాలో కూర్చునేవాడు. "పెళ్లాం పిలిత్తే రాడు గానీ, ఆ పాట పిలిత్తే వత్తాడు" అని అతని భార్య పోలమ్మ నలుగురిలో ఎద్దేవా చేసేది.

ఆ పుష్యమాసంలో ఒకనాడు పగలే మంచు కమ్మింది. తక్కిన తెప్పలన్నీ తడుముకుంటూ ఒడ్డు చేరాయి... రాములు తెప్ప చేరలేదు. దీపాలవేళకు పోలమ్మ డేరా ముందుకు వచ్చి నిలిచింది. గోడ మీదుగా నాకు అంతా కనబడింది, ప్రతి మాటా వినిపించింది.

"ఒరే సూరీ, ఆ బాకా సముద్దరం ఏపు తిప్పరా."

రికార్డులు వేసే సూరి తలెత్తాడు. "అటు తిప్పితే ఊళ్లోకి ఇనపడదప్పా. జనం రారు. మా ఓనరు నన్ను ఉంచుతాడేటి?"

"ఊరోలికి దారి తెలుసు కదరా. ఆడికి తెల్దు."

సూరి వెదురుగుంజ ఎక్కి బాకా తిప్పాడు.

ఆ సాయంత్రం మా ఊరికి వెన్నెల పాట వీపు మాత్రమే వినిపించింది... మాటలు తెలియడం లేదు. మూలుగు వంటి రాగం, నడుమ నడుమ ఆ రికార్డు మీది గీత చేసే టిక్కుమనే చప్పుడు.

నాన్నగారు శ్లోకం సగంలో ఆపారు. ఉత్తరీయం భుజాన వేసుకొని, ఎన్నడూ తొక్కని ఆ డేరా వైపు నడిచారు. మందలిస్తారనుకున్నాను... పాట అప్పుడే ముగిసింది.

"మళ్లీ వెయ్యి నాయనా" అన్నారు.

సూరి ముల్లు తీసి మళ్లీ మొదట పెట్టాడు. ఆట మొదలు కాలేదు. టిక్కెట్టు కొన్నవాళ్లు ఒక్కరూ గోల చేయలేదు. గుంజ మొదట్లో కూర్చున్న పోలమ్మ మంచులోకి చూస్తూ, పాట ఆగిన ప్రతిసారీ "ఇంకోపాలి" అనేది... నాన్నగారు ఆమె పక్కన నిలబడే ఉన్నారు.

రాములు రాలేదు. తెప్ప చెక్క ఒక్కటైనా కొట్టుకురాలేదు.

ఆ తరువాత ఉన్నన్నాళ్లూ సూరి బాకాను ఊరివైపు తిప్పలేదు. పాట పిలవకుండానే జనం వేళకు వచ్చేవారు. డేరా ఎత్తేసిన రోజున పోలమ్మ, దించిన బాకా మీద చెయ్యి వేసి అడిగింది... "ఇంకాడు దేన్ని పట్టుకొని వత్తాడ్రా?" సూరి తల వంచుకొని తాళ్లు చుట్టుకున్నాడు.

శబ్దం పుట్టి వెంటనే నశిస్తుందని నైయాయికులు, నిత్యమని మీమాంసకులు. తర్కపండితులైన నాన్నగారు జీవితమంతా మొదటి పక్షమే వాదించారు. ఆ సాయంత్రం తరువాత, తర్కమంతా నేర్పినా, ఆ వాదం మాత్రం నాకు పాఠం చెప్పలేదు.

ఆ పాట పేరు రాయను... రాస్తే వెంటనే ఫోనులో వింటారు. అందులో ఆ గీత చప్పుడు ఉండదు.

మొన్న అదే ఒడ్డున, సంజెవేళ, ఎవరి ఫోనులోనో ఆ పాట మోగింది. నా ప్రమేయం లేకుండానే సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను... అది ముగిసేదాకా.

ఇప్పటి పాటలు మన చెవిలోనే పుట్టి మన చెవిలోనే ఆగిపోతున్నాయి. దూరాన ఉన్నవారికి ఒడ్డు చూపేది ఏదీ లేదు...

మీ ఊరి డేరాలో ఆఖరి రికార్డు ఏది? అది విని పరుగున వచ్చినవారెవరు... రానివారెవరు?