వెయ్యిన్ని ఇరవైమూడు వాసనలు

జూలై మొదటి మంగళవారం ఉదయం ఎనిమిదీ పదికి, కార్ఖానా రోడ్డు మీద, నేనొక మనిషిని టిఫిన్ క్యారియరుతో కొట్టాను. అతను నన్ను హెల్మెట్టుతో కొట్టాడు. నేను వెల్లకిలా పడ్డాను. తల వెనుక భాగం డివైడరు అంచుకు తగిలింది. కొట్టింది ఒకటి, తిన్నవి రెండు. మొదటిది మాత్రం నాదే.

అతను రాంగ్ రూటులో వచ్చాడు. అలా వచ్చే బండ్ల నంబర్లు రాసుకోవడానికి నా చొక్కా జేబులో చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నా స్కూటరు పక్కన ఆపి, నంబరు రాసుకుని, అతని బండికి అడ్డంగా నిలబడి, పిల్లలకు చెప్పినట్టు వెనక్కి తిప్పుకొని వెళ్లమన్నాను. "ఏందీ సార్, రోడ్డు సుత నీ క్లాస్‌రూమేనా? జరుగు," అంటూ అతను ముందు చక్రంతో నా మోకాలిని నెట్టాడు. అప్పుడు నా చెయ్యి లేచింది. స్టీలు క్యారియరు అతని చెవి మీద పడ్డ చప్పుడూ, చెవిలోంచి మెడ మీదికి దిగిన నెత్తురూ నాకు స్పష్టంగా గుర్తున్నాయి. నేను కింద పడేసరికి క్యారియరు ఊడి మెంతికూర పప్పు తారు మీద పారింది. నేను చివరిసారి ఎరిగిన వాసన అదే.

స్కూటరు జారి పడ్డానని ఇంట్లోనూ బడిలోనూ చెప్పాను. సొట్టపడిన క్యారియరు ఆ అబద్ధానికి చక్కగా సరిపోయింది. డాక్టరు స్కానింగు చూసి, తల అదిరినప్పుడు ముక్కు పైనున్న నరాల పోగులు తెగి ఉంటాయనీ, తిరిగి మొలిస్తే మొలుస్తాయి, లేకపోతే లేదనీ చెప్పి మరో రోగిని పిలిచాడు. ఆనాటి నుంచి ప్రతి ఉదయం కళ్లు మూసుకుని కూర్చుంటే మా ఆవిడ ఐదు డబ్బాలు వరస మార్చి నా ముక్కు కింద పెట్టేది: కాఫీపొడి, లవంగం, ఇంగువ, కర్పూరం, కిరోసిన్. డైరీలో ఐదుకు ఇన్ని అని మార్కులు వేసుకునేవాణ్ని. పన్నెండో రోజున కర్పూరాన్ని గుర్తుపట్టి ఒకటి వేసుకున్నాను. ముక్కుకు చల్లగా తగలడం స్పర్శ, వాసన కాదని సాయంత్రం జ్ఞాపకం వచ్చి కొట్టేశాను. సున్నా.

దెబ్బ తగిలిన తొమ్మిదో రోజు, గురువారం, తిరిగి బడిలో చేరాను. నేను జీవశాస్త్రం చెబుతాను. పదిహేడేళ్లుగా ప్రయోగశాల బాధ్యత కూడా నాదే. అక్కడ బర్నర్లకు గ్యాసు గొట్టాలుంటాయి గనుక ఒక నియమం నేనే రాసి గోడకు అతికించాను: తాళం తీసిన మనిషి గడపలో నిలబడి, పది లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, గ్యాసు వాసన లేదని తేల్చుకున్నాకే లైటు వేయాలి, ఆ తర్వాత రిజిస్టరులో సంతకం చేయాలి. ఆ గురువారం నేను గడపలో నిలబడి పది లెక్కపెట్టాను. పీల్చాను. ఏమీ తెలియలేదు. సంతకం చేశాను. ముక్కు పోయిందని చెబితే ఎలా పోయిందని అడుగుతారు. అది బయటపడితే రోడ్డు మీద ఒకడి చెవి పగలగొట్టిన మాస్టారు ఈ బడిలో మిగలడు. నా వెనక వరండాలో వరసగా నిలబడ్డ నలభై ఒక్క మంది పిల్లలు నేను లోపలికి నడిచే దాకా ఎదురుచూస్తున్నారని తెలిసే ఆ పని చేశాను.

ఆగస్టులో తొమ్మిదో తరగతికి జ్ఞానేంద్రియాల పాఠం వచ్చింది. వాసన గురించి పుస్తకంలో ఉన్నవి నాలుగు వాక్యాలే. పిల్లలు దిమ్మెలు పేర్చి లోకాలు కట్టే వీడియో గేమొకటి ఆడుతున్నారని తెలిసి, అందులోనే ముక్కును కట్టి చూపించమన్నాను. హింస ఉండరాదని షరతు పెట్టాను. ఆ జట్టుకు నాయకత్వం వహించిన అమ్మాయి, బొల్లారం నుంచి వచ్చే పిల్ల, వారం తిరగకముందే షరతు మీద పోట్లాటకు వచ్చింది. "అణువు వచ్చి గుద్దుకోవాలె గద సార్. గుద్దకుంట వాసన ఎట్ల వస్తది?" అంది. షరతు తీసేశాను.

వాళ్లు కట్టింది తెచ్చి చూపించారు. చీకటి గుహ, నేలంతా జిగట చెమ్మ. గాలి కొట్టినప్పుడల్లా అణువులు రాక్షస మూకలా లోపలికి విరుచుకుపడి చెమ్మలో కూరుకుపోయేవి. చెమ్మలో పది రకాల కాపలావాళ్లు. ఒక్కొక్క రకానికి కొన్ని ఆకారాలే తెలుసు. తనకు తెలిసిన ఆకారం మీద పడితే చాలు, కాపలావాడు దాని మెడ పట్టుకుని, పైకప్పుకేసి బాణం వదిలేవాడు. పైకప్పు జల్లెడలా కన్నాలున్న ఎముక. కన్నాల గుండా పోయిన బాణం పై గదిలో ఆ రకానికి కేటాయించిన దీపాన్ని వెలిగించేది. గులాబీ వస్తే రెండు, ఐదు, ఏడు వెలిగేవి. కుళ్లిన గుడ్డు వస్తే ఒకటి, ఐదు, తొమ్మిది. ఏ ఒక్క దీపమూ వాసన కాదు. ఏవి కలిసి వెలిగాయన్నదే వాసన. ఈ సంగతి నల్లబల్ల మీద బోధించడానికి నాకు ఇన్నేళ్లూ చేతకాలేదు.

పది దీపాలతో ఎన్ని వాసనలు పట్టవచ్చో లెక్క కట్టమన్నాను. వాళ్లు వెయ్యిన్ని ఇరవైనాలుగు అన్నారు. నేను ఒకటి తీసేసి, బోర్డు మీద వెయ్యిన్ని ఇరవైమూడు అని రాశాను. ఎందుకు తీశారని అడిగితే, అన్ని దీపాలూ ఆరి ఉండటం వాసనల్లో చేరదన్నాను. మనిషి ముక్కులో కాపలావాళ్లు దాదాపు నాలుగు వందల రకాలని కూడా చెప్పాను. నేను తీసేసిన ఆ ఒక్కటీ ఏమిటో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

దెబ్బ తగిలిన యాభై తొమ్మిదో రోజు, శుక్రవారం, ఆ అమ్మాయి కొత్త సంగతి ఒకటి చేర్చుకొచ్చింది. ఈ గుహ ఉన్న తలకు వెనక నుంచి ఒక దుడ్డుకర్ర పడుతుంది. లోకమంతా అదురుతుంది. పై గది ముందుకు జారుతుంది. ఎముక కన్నాల దగ్గర పోగులన్నీ ఒక్క వేటుతో తెగిపోతాయి. కింద కాపలావాళ్లు బాణాలు వేస్తూనే ఉన్నారు. అవి ఎముకకు తగిలి విరిగి పడుతున్నాయి. పైన చీకటి. పిల్లలు బల్లలు చరిచారు. కర్ర మళ్లీ వేయమని గోల చేశారు. ఆమె మళ్లీ వేసింది. ఏడుసార్లు వేసింది. ఏడుసార్లూ నేను నా తల వెనక చెయ్యి పెట్టుకున్నాను.

"కింద కొత్తోళ్లు పుడ్తరు సార్," అంది ఆమె. "కానీ కన్నాలు మూసుకపోతే వాళ్లకు తొవ్వ దొరకది."

ఆ ఆదివారం, నాకు వాసన తెలియడం లేదని ప్రధానోపాధ్యాయురాలికి ఉత్తరం రాశాను. మాటల కూర్పు నచ్చక రెండు ప్రతులు చింపేశాను. మూడోది సోమవారం ఉదయం నా జేబులో ఉంది. అందులోనూ స్కూటరు జారిందనే రాశాను.

ఆ సోమవారమే, జేబులో ఉత్తరంతో, ఎప్పటిలాగే తాళం తీసి గడపలో నిలబడ్డాను. వెనక పిల్లలు. పది లెక్కపెట్టి స్విచ్చు మీద వేలు పెట్టబోయాను. తడిగుడ్డ కర్రతో వరండా తుడుస్తున్న ఆయమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ కర్ర నా మణికట్టు మీద పడింది. మరో దెబ్బ భుజం మీద. నా రెక్క పట్టి బయటికి ఈడ్చి గోడకు కొట్టింది.

"లైట్ ముట్టకుర్రి! గ్యాస్ గుప్పుమంటుంది. ముక్కు సచ్చిందా సార్ మీకు?" అంది. తర్వాత పిల్లల వైపు తిరిగి, నా వైపు చెయ్యి చూపిస్తూ, "ఈయన ఎన్క ఒక్కరు సుత రావద్దు. గ్రౌండ్‌లకు నడువుర్రి," అంది.

ఆదివారం ఎలుకలు రబ్బరు గొట్టాన్ని కొరికాయి. ఆయమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తానే లోపలికి వెళ్లి, సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచింది. నా మణికట్టు ఎముకకు బీట పడిందని మధ్యాహ్నానికి తేలింది.

కట్టు కట్టించుకొని వచ్చి రిజిస్టరు తెరిచాను. నేను తిరిగి చేరిన గురువారం నుంచి నిన్నటి ఆదివారం దాకా యాభై మూడు రోజులు. ఆదివారాలు ఎనిమిది, సెలవులు ఆరు తీసేస్తే ముప్పైతొమ్మిది సంతకాలు. ఎడమచేత్తో ఎర్ర సిరాతో ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన 'పరీక్షించలేదు' అని రాశాను. ప్రధానోపాధ్యాయురాలు ఆ పని ఆపమన్నారు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఏం చూపిస్తామన్నారు. కొత్త రిజిస్టరు పెడదామన్నారు. అప్పటికి ఇరవై రెండయ్యాయి. మిగతావి ఆవిడ ఎదురుగానే పూర్తి చేశాను. ప్రయోగశాల తాళం ఆయమ్మ చేతికి వెళ్లింది. నాకు మెమో వస్తుందన్నారు. జేబులోని ఉత్తరాన్ని అక్కడే చింపేశాను.

చివరి పీరియడు తొమ్మిదో తరగతికి వెళ్లి, జూలై నుంచి నాకు వాసన తెలియదనీ, గ్యాసు ఉందో లేదో చూడకుండానే ముప్పైతొమ్మిది రోజులు పిల్లల్ని ఆ గదిలోకి తీసుకెళ్లాననీ చెప్పాను. బొల్లారం పిల్ల లేచి నిలబడింది.

"దారాలు తెగినయా సార్? స్కూటర్ స్కిడ్ అయ్యి?"

"స్కిడ్ కాలేదమ్మా. కొట్టుకున్నాం. మొదటి దెబ్బ నాది."

చివరి బెంచీ నుంచి ఒకరు నెమ్మదిగా అడిగారు. "ఎవరు గెలిచిన్రు సార్?"

ఎవరూ నవ్వలేదు. అరవై రెండు రోజులుగా నా ముక్కును ఐదు డబ్బాలతో పరీక్షించుకుంటున్నాను. అతని చెవి ఏమైందన్నది ఒక్క రోజైనా నా డైరీలోకి రాలేదు.

"తెలియదు. అతను ఎలా ఉన్నాడో కనుక్కోలేదు," అన్నాను.

"నంబర్ ఉంటది గద సార్, మీ బుక్కుల," అంది ఆ అమ్మాయి. ఆ పుస్తకం సంగతి బడిలో తెలియనివాళ్లు లేరు.

నంబరు ఉంది. దాని పక్కన 'రాంగ్ రూటు' అని పొందికైన అక్షరాల్లో ఉంది. ఆ కింద గీత ఖాళీగా ఉంది.

బడి వదిలాక ఇంటికి వెళ్లే చిలకలగూడ బస్సు ఎక్కలేదు. ఆ పుస్తకం పట్టుకుని పోలీసు స్టేషనుకు నడిచాను. ఫిర్యాదు ఎవరి మీద అని, అక్కడ రాసుకునే రైటరు అడిగితే నా పేరు చెప్పాను. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.